సందులో తగ్గిన జానెడు

కట్టిన మెట్లను ఊడబెరకడం నేను కళ్ళారా చూశాను. నంద్యాలలో మా అమ్మాయి నాగజ్యోతి అద్దెకుండే వీధిలోనే, ఒక ఇంటి మెట్లు రోడ్డు మీదికి వచ్చాయని జేసీబీ తెచ్చి లాగేశారు. ఆ ఇంటామె చంకలో పిల్లతో గడపలో నిలబడి, కిందికి దిగే దారి లేక అట్లాగే చూస్తూ ఉండిపోయింది. అందుకే నాగజ్యోతీ, అల్లుడు లోకేశూ స్థలం కొన్నామని చెప్పినప్పుడు, అందరూ నోరు తీపి చేసుకుంటుంటే నేను అడిగిన మొదటి మాట, "చుట్టూ ఎంత వదలాలంట?" అని.

లోకేశ్ విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. ఓపిక ఉన్నవాడు. ప్లాను కాగితం నా ముందు పరిచి వేలు పెట్టి చూపించాడు.

"ఈడ సూడత్తా. మన స్థలం అడ్డం పదకొండు మీటర్లు. పడమట ఒక మీటరు వదలల్ల, తూర్పున ఒక మీటరు వదలల్ల. మధ్యలో తొమ్మిది మీటర్లు ఇల్లు. ఆ వదిలేదాన్నే సెట్‌బ్యాక్ అంటారు. గాలీ వెలుతురూ రావల్ల, ఏదన్నా నిప్పంటుకుంటే మనిషి తిరిగేదానికి సందుండల్ల. అంతే."

"ఒక వేలు తగ్గితే?"

"తగ్గదు."

"తగ్గితే అని అడుగుతాండా నాయనా."

"తగ్గితే ఇల్లు అయినాక మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి కొలుస్తారు. సర్టిఫికెట్ ఇయ్యరు. పక్కింటోళ్ళు ఎవురన్నా అర్జీ పెడితే గోడ తీసేయమన్నా అంటారు."

నేను చదివింది ఎనిమిదో తరగతి. ప్లానులో గీతలు నాకు అర్థం కాలేదు. 'గోడ తీసేయమన్నా అంటారు' అన్నది మాత్రం బాగా అర్థమైంది.

ముగ్గు పోసే రోజు వచ్చింది. పునాది తవ్వేముందు ఇల్లు ఎక్కడ నిలబడుతుందో నేల మీద సున్నంతో గీత గీస్తారు గదా, ఆ రోజు. శుక్రవారం పొద్దున్నే నేనూ, మా ఇంటాయన సత్యనారాయణా ఆళ్లగడ్డ నుంచి వెళ్ళాం. ఆళ్లగడ్డలో మాకు బట్టల అంగడి ఉంది. ఏ మంచి పని మొదలుపెట్టినా అంగట్లో గుడ్డ కొలిచే ఇనుప మీటరు కడ్డీకి పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచడం మా ఇంటి అలవాటు. అందుకని ఆయన దాన్ని టవల్లో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. బస్సులో అహోబిలం నుంచి తిరిగి వస్తున్న యాత్రికులు, ఇదేం ఆయుధమోనని ఆయనకు కాస్త ఎడంగా కూర్చున్నారు.

స్థలం దగ్గర పూజ అయింది. మేస్త్రీ రాజరత్నం జేబులోంచి టేపు తీశాడు. నేను దాన్నే చూస్తున్నాను. టేపు లాగితే మొదట ఉండాల్సిన ఇనుప కొక్కెం లేదు, మొదటి అంకెలూ లేవు.

"ఏం మేస్త్రీ, ఈ టేపుకు మొదలేదీ?"

"తెగిపోయిందమ్మా. ఒకటో అడుగు కాడ పట్టుకుంటాం, ఆఖర్న ఒక అడుగు తీసేసుకుంటాం. మేమందరం అంతే."

"తీసేసేది మర్చిపోతే?"

"మర్చిపోతే ఇల్లు ఒక అడుగు చిన్నదవుతాది. ఊడ్చుకునేదానికి సులువు లే." పక్కనున్న కూలివాళ్ళు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మొదలు లేని టేపుతో నా కూతురి ఇల్లు కొలుస్తారా? వీడికి స్థలం ఏ పక్కకు జరిపితే ఏం లాభమో, పక్కవాళ్ళతో ఏం మాట్లాడుకున్నాడో ఎవరికి తెలుసు? మా ఆయన్ని పక్కకు పిలిచాను.

"మీ కడ్డీ ఉంది గదా. దాంతో కొలవండి. ఏటేటా ముద్ర వేయించుకునే కడ్డీ అది. దానికి మించిన కొలత ఉందా?"

ఆయనకు ఆ మాట నచ్చింది. పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు. రాజరత్నం టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అట్లే కానీ శెట్టీ. నీ కడ్డీ, నీ ఇల్లు. రేప్పొద్దున తేడా వస్తే మాత్రం నా పేరెత్తొద్దు."

"సర్కారు ముద్ర ఉండే కడ్డీకి తేడా యాడిదప్పా?" అన్నాడు మా ఆయన.

పడమటి హద్దు రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దారం వెంబడి కడ్డీ పరిచి, చివర బొటనవేలు ఆనించి, కడ్డీ ముందుకు జరిపి, మళ్ళీ బొటనవేలు ఆనించి... అంగట్లో తానులు కొలిచినట్టే టకటకా కొలుచుకుంటూ పోయాడు. ఒకటి వదిలి, ఆ తర్వాత తొమ్మిది లెక్కపెట్టి, అక్కడ మేకు కొట్టమన్నాడు. వెనక హద్దు నుంచి రోడ్డు వైపుకూ అట్లాగే కొలిచాడు. కూలివాడు సున్నం పోశాడు. తెల్లని గీత చూడగానే నా గుండెల్లో బరువు కాస్త దిగింది.

అది ఎంతోసేపు నిలవలేదు. తూర్పు వైపు ప్రహరీగోడ మీద నుంచి ఒక తల కనబడింది. ఆమె పేరు రెబెకా. ఆసుపత్రిలో నర్సు, అందరూ సిస్టరమ్మ అంటారు. మేం స్థలం కొనకముందు నుంచీ ఆమె ఇల్లూ ఆ గోడా అక్కడ ఉన్నాయి.

"ఏమక్కా, సందు శానా సన్నంగా వదిలినారే?" అంది.

"ప్లానులో ఉన్నంత వదిలినాం."

"అట్లనా. నా కంటికి తక్కువగా ఆనింది లే. ఇంకో మాటక్కా, మీది బట్టలంగడంట గదా? పని మొదలైతే కూలోళ్ళు ఈ కిటికీ ముందరే తిరుగుతారు. ఒక నాలుగు మీటర్లు మందం గుడ్డ తెచ్చిపెట్టు. కిటికీకి తెర కుట్టుకుంటా. డబ్బులిస్తా, ఊరికే వద్దు."

సరేనన్నాను. కానీ నా మనసు గుడ్డ మీద లేదు. కంటికి తక్కువగా ఆనిందంట! ఇల్లు లేవకముందే సందు గురించి మాట్లాడే మనిషి, ఇల్లు లేచినాక ఊరుకుంటుందా? అర్జీ పెట్టేది ఈమేనని అప్పుడే అనుకున్నాను.

"ఏమండీ, ఆ సందు కూడా కొలవండి ఒకసారి," అన్నాను.

ఆయన కడ్డీని గీతకూ ఆమె గోడకూ మధ్య పెట్టాడు. పట్టలేదు. ఏటవాలుగా పెడితే తప్ప కడ్డీ అందులో ఇమడలేదు. మీటరు ఉండాల్సిన చోట జానెడు పైగా తక్కువ!

మా ఆయన మొహం ఎర్రబడింది. మళ్ళీ పడమటి రాయి దగ్గరికి పోయి, స్థలం మొత్తం ఆ చివర నుంచి ఈ చివర దాకా కొలిచాడు. పదకొండు రావాల్సింది, పది మీటర్లు వచ్చి, పదకొండోది జానెడు చాలక గోడకు తగిలి ఆగింది.

"గోడ," అన్నాడు ఆయన నిదానంగా. "గోడ మన స్థలంలోకి వచ్చింది."

ఇప్పుడు అర్థమైంది, ఆమెకు సందు మీద కన్నెందుకో. తన గోడ మన నేలలో పెట్టుకుని, తిరిగి మనకే సందు చాలదని చెబుతోంది. ఎవరైనా కొలవడానికి వస్తే తప్పు మన మీద పడాలని ముందే మాట వేసి పెడుతోంది.

లోకేశ్ గోడ దగ్గరికి పోయి, "సిస్టరమ్మా, మీ గోడ ఎవురు కొలిచి కట్టినారు?" అని అడిగాడు.

"లేఅవుటు రాళ్ళు చూసి కట్టినారప్పా. ఏం?"

"మా స్థలం జానెడు తగ్గుతాంది."

"తగ్గితే నేనేం చేసేది? జేబులో పెట్టుకోని పోయినానా నీ జానెడు?"

"గోడలో పెట్టుకున్నావేమో," అన్నాడు మా ఆయన వెనక నుంచి.

ఆమె మొహం మాడిపోయింది. "పెద్దాయనవు, మర్యాదగా మాట్లాడన్నా. పిలుచుకోని రాపోండి కొలిచేవాళ్ళను. రాళ్ళు యాడికీ పోలేదు, ఈడనే ఉండాయి."

రాజరత్నం గొంతు సవరించుకున్నాడు. "నా టేపుతో ఒక్కసారి..."

"నువ్వుండప్పా!" అన్నాం నేనూ మా ఆయనా ఒక్కసారే.

సోమవారం పునాది తవ్వేవాళ్ళు వస్తారు. అదే రోజు పొద్దున లోకేశ్ వార్డు సచివాలయానికి పోయి, గోడ కట్టి నేల ఆక్రమించారని అర్జీ ఇవ్వాలని నిర్ణయమైంది. అర్జీ ఇచ్చినాక ఆమె ఊరుకోదు. ఆమె కూడా ఇస్తుంది. ఇద్దరి మధ్యలో నా కూతురి ఇల్లు ఆగిపోతుంది. ఆగకుండా కట్టినా, సందు తక్కువని గోడ కొట్టేస్తారు. ఎటు తిరిగినా నాకు జేసీబీ చప్పుడే వినబడుతోంది.

శనివారం అంగట్లో కూర్చుని ఇదే ఆలోచన. ఆమె ఇంటి లోపలికి పోయి, గోడను అటు వైపు నుంచి ఒకసారి చూస్తే? కొత్తగా జరిపి కట్టిన గుర్తులేమైనా ఉంటాయేమో. ఊరికే పోతే రానివ్వదు. అప్పుడు గుడ్డ గుర్తుకొచ్చింది.

"ఆ సిస్టరమ్మకు తెరగుడ్డ నాలుగు మీటర్లు చించండి," అన్నాను.

మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మన నేల మింగిన మనిషికి మనం గుడ్డ ఇచ్చేదా?"

"గుడ్డ ఇచ్చేదానికి కాదు నేను పోయేది."

ఆయన సణుక్కుంటూనే గుడ్డ తాను దించాడు. కడ్డీ ఆనించి, బొటనవేలు పెట్టి, జరిపి... ఆమె మీద కోపమంతా మొహంలో ఉంది. చేతులు మాత్రం ఎప్పటిలాగే పోతున్నాయి. నలభై ఏళ్ళుగా మా అంగడికి ఉన్న పేరు అది. సత్యనారాయణ దగ్గర రవిక గుడ్డ తీసుకుంటే దర్జీ సరిపోలేదనే మాట అనడని ఆళ్లగడ్డలో ఎవరినడిగినా చెబుతారు.

ఆదివారం మధ్యాహ్నం నంద్యాల చేరాను. నాగజ్యోతికి కూడా చెప్పకుండా, బస్టాండు నుంచి నేరుగా ఆటోలో రెబెకా ఇంటికి పోయాను. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. నన్ను చూసి తలుపు సగమే తీసింది.

"మళ్ళీ ఏం పోయిందక్కా మీది?"

"నువ్వడిగిన గుడ్డ తెచ్చినా."

ఒక క్షణం నన్ను అనుమానంగా చూసి, తలుపు పూర్తిగా తీసింది. లోపలికి పోతూనే నా కళ్ళు కిటికీలోంచి గోడ మీదికి పోయాయి. పాత గోడే. నాచు పట్టింది. గోడ కింద సిమెంటులో నాటిన హద్దు రాయి తల బయటికే కనబడుతోంది, నుదుటి మీద గంధంబొట్టులా. దాని చుట్టూ తవ్విన గుర్తు గానీ, కొత్త సిమెంటు గానీ లేదు. అయినా నమ్మలేదు. పాతగా కనబడేటట్టు చేయడం పెద్ద పనా?

"చూసుకో అక్కా, బాగా చూసుకో," అంది ఆమె వెనక నుంచి. "కాఫీ తాగి చూస్తావా, చూసి తాగుతావా?"

సిగ్గుపడ్డాను. కాఫీ వద్దనలేకపోయాను.

మూల కుట్టుమిషను ఉంది. దాని మీదున్న గుడ్డటేపు మెడలో వేసుకుని, నేను తెచ్చిన గుడ్డను మంచం మీద పరిచింది. ఒక చివర నుంచి కొలుచుకుంటూ వచ్చి, ఆగింది. మళ్ళీ మొదటి నుంచి కొలిచింది.

"ఏం, తక్కువైందా?" నా గొంతు నాకే పదునుగా వినబడింది.

"కాదు. నాలుగు మీటర్లకు నాలుగు వేళ్ళు ఎక్కువుంది."

"టేపు సాగిందేమో."

"సాగిన టేపు తక్కువ చూపిస్తాది గానీ ఎక్కువెట్ల చూపిస్తాదక్కా?"

అదీ నిజమే. నేను కప్పు కింద పెట్టాను. ఆమె కత్తెర తీసుకుని ఆ నాలుగు వేళ్ళ పీలిక అడ్డంగా కత్తిరించి నా చేతిలో పెట్టింది.

"ఇది మీది. మొన్న అంత మాటన్నాక, మీ కొసరు కూడా నాకొద్దు."

కొసరు.

ఆ పీలిక చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. కడ్డీ చివర ఆయన బొటనవేలు కళ్ళకు కట్టింది. మీటరు అయిన చోట వేలు ఆనిస్తాడు. తర్వాతి మీటరు ఆ వేలికి ఇవతల నుంచి కాదు, అవతల నుంచి మొదలుపెడతాడు. గిరాకీకి మీటరుకొక వేలు కొసరు. ఆయన నాయన నేర్పిన చెయ్యి అది. నాలుగు మీటర్లకు నాలుగు వేళ్ళు. మరి పది మీటర్లకు?

నా వేళ్ళు నేనే పక్కపక్కన పేర్చి చూసుకున్నాను. జానెడు దాటింది.

ఆమె గోడ ఎక్కడికీ జరగలేదు. మా ఇల్లే కొసరుతో సహా ఆమె వైపు జరిగింది. రేపు తవ్వితే ఆ తప్పు మీద సిమెంటు పడుతుంది. రేపు లోకేశ్ ఇచ్చే అర్జీ, మన ఇంటి మీద మనం ఇచ్చుకున్న అర్జీ అవుతుంది.

"ఏమక్కా, మొహం అట్లయింది?"

"ఎండ," అన్నాను. ఆమెకు చెప్పలేదు. చెబితే రేపు పొద్దున ఆమే సచివాలయంలో ముందుండదని ఏం నమ్మకం? పీలిక సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని, బయట పడ్డాను. ఆమె వాకిట్లో నిలబడి నేను మలుపు తిరిగే దాకా చూస్తూనే ఉంది.

కూతురింటికి పోతూనే ఆయనకు ఫోను చేశాను.

"రేపు బేగా రండి. కడ్డీ తీసుకోని రండి. కొలతలో తప్పుంది."

"నా కొలతలోనా?" అన్నాడు. "నలభై ఏండ్లు కొలిచినోడికి నువ్వు నేర్పిస్తావా?" అని పెట్టేశాడు.

లోకేశ్‌కు విషయం చెప్పకుండా, "మామ వచ్చేదాకా సచివాలయానికి పోవద్దు నాయనా" అని మాత్రం అన్నాను. మామకు అల్లుడి ముందు తలవంపులు కాకూడదు గదా. 'ఎందుకత్తా?' అని ఎన్నిసార్లు అడిగినా కడుపు నొప్పని చెప్పాను.

సోమవారం మొదటి బస్సుకే ఆయన వచ్చాడు. తవ్వేవాళ్ళు అప్పటికే గడ్డపారలు దించుతున్నారు. రాజరత్నం ఒక రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గోడవతల రెబెకా డ్యూటీకి పోయే బట్టల్లో నిలబడి ఉంది. ఒంటరిగా చెప్పే వీలు దొరకలేదు. సంచిలోంచి పీలిక తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఏందిది?"

"మీ కొసరు. సిస్టరమ్మ వెనక్కిచ్చింది."

ఆయన ముందు కోపంగానే చూశాడు. కొసరు వెనక్కిచ్చిన గిరాకీ ఆయనకు ఇంతవరకూ తగల్లేదు. తర్వాత పీలికను వేళ్ళ మీద పరిచాడు. వెడల్పు నాలుగు వేళ్ళకు సరిగ్గా సరిపోయింది. దాన్ని చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. తలెత్తి సున్నం గీత చూశాడు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఓయమ్మా," అన్నాడు మెల్లగా.

"ఏం మామా?" అన్నాడు లోకేశ్.

ఆయన కడ్డీ తీసుకుని పడమటి రాయి దగ్గర కూర్చున్నాడు. మొదటి మీటరు పరిచాడు. బొటనవేలు దానంతటదే పోయి ఆనింది. చెయ్యి వెనక్కి లాక్కుని మళ్ళీ పరిచాడు. మళ్ళీ పోయింది. నలభై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? నేనే పోయి పక్కన కూర్చుని, కడ్డీ చివర గోరుతో మట్టిలో గీత గీశాను. ఆయన ఆ గీత మీద నుంచి కడ్డీ పెట్టాడు. అట్లా ఇద్దరం మోకాళ్ళ మీద జరుగుతూ పోయాం. పదకొండో మీటరు రెబెకా గోడకు తగిలీ తగలకుండా ఆగింది.

రాజరత్నం బీడీ పారేసి, "నేను చెప్పలే..." అని మొదలుపెట్టాడు.

"నువ్వేం చెప్పలేదు," అన్నాను. "టేపు జేబులో పెట్టుకోని గమ్మునున్నావు."

"మీరు చెప్పనిస్తే గదమ్మా!"

మా ఆయన మోకాళ్ళ మట్టి దులుపుకోకుండానే గోడ దగ్గరికి పోయాడు. "సిస్టరమ్మా, నేను ఎవురికీ ఎప్పుడూ తక్కువ కొలవలేదు," అన్నాడు.

"తక్కువ యాడ కొలిచినావన్నా? ఎక్కువే కొలిచినావు," అంది ఆమె. "గుడ్డయితే నీ ఇష్టం. నా పక్క సందు తీసి నీ కూతురికి కొసరేస్తే ఎట్లా?"

తవ్వేవాళ్ళతో సహా అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. లోకేశ్ నా వైపు తిరిగి, "కడుపు నొప్పి తగ్గిందా అత్తా?" అన్నాడు. అర్జీ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకు ఇంకా నవ్వు రాలేదు. "ముందు వైపు కూడా ఆ చెయ్యే కదా కొలిచింది?" అన్నాను. అందరూ రోడ్డు వైపు గీత చూశారు. నవ్వులు ఆగిపోయాయి. కొలిస్తే అక్కడ గీత అడుగుకు పైగా రోడ్డు వైపుకు జరిగి ఉంది; దాని ముందు మెట్లు కడితే, పెరికిన ఆ ఇంటి మెట్లకు మల్లే రోడ్డు మీదికే వస్తాయి.

ఆ రోజు గడ్డపార నేల తాకలేదు. సున్నమంతా చీపురుతో ఊడ్చేశారు. ఇంకో మంచిరోజు చూసుకుని మళ్ళీ ముగ్గు పోశాం. ఈసారి లోకేశ్ కొత్త టేపు కొని తెచ్చాడు. దాని మొదలు ఉందో లేదో చూసి, మా కడ్డీ పక్కన పెట్టి సరిచూసినాకే ముట్టుకోనిచ్చాను. ఒక చివర రాజరత్నం పట్టుకున్నాడు. రెండో చివర గోడవతల నుంచి చెయ్యి చాపి రెబెకా పట్టుకుంది. ఆమె వేలు అంకె మీద ఉందో పక్కన ఉందోనని నేను గోడెక్కినంత పని చేశాను.

ఇప్పుడు గోడలు నా నడుము దాకా లేచాయి. కడ్డీ అంగడికి తిరిగి పోలేదు, ఆయన ఇంకొకటి కొనుక్కున్నాడు. నంద్యాలకు వచ్చినప్పుడల్లా నేను ఆ కడ్డీ తీసుకుని సందులోకి పోతాను. ఒక చివర మా గోడకు ఆనిస్తాను, ఇంకో చివర ఆమె గోడకు. సరిగ్గా పడుతుంది. తర్వాత బొటనవేలు దూర్చి చూస్తాను.

రెబెకా కిటికీకి తెర కుట్టుకుంది గానీ, నేను సందులోకి పోయిన ప్రతిసారీ ఆ తెర తొలుగుతుంది.

"ఈ పొద్దు ఎంతుందక్కా?"

"వేలు పట్టలే."

"అయితే ఇల్లు ఉండాల్సిన చోటే ఉంది. కాఫీకి రా."

పోతాను. పోయేముందు వెనక వైపు కూడా ఒకసారి కొలుస్తాను.